ముగ్గురు మోయాల్సిన బరువు ఒక్క ఫేజు నెత్తిన

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ పేపర్లో జనరేటర్ ఎలా ఎంచుకోవాలో వేసిన వ్యాసం చదివానండి. బాగానే రాశారు గానీ మొత్తం లోడంతా కూడి అంతకంటే కాస్త ఎక్కువ కేవీఏ (జనరేటర్ సామర్థ్యం లెక్క) ఉన్న సెట్టు తీసుకుంటే చాలన్నారు చూడండి, అక్కడే నాకు పేచీ. మూడు ఫేజులు, అంటే మూడు వేర్వేరు లైన్లలో కరెంటు ఇచ్చే త్రీ ఫేజు సెట్టుకి ఆ లెక్క సరిపోదు, దాంతో బ్యాటరీలు చార్జింగ్ పెట్టేవాళ్ళకి అసలు సరిపోదు.

నేను ఈ పనిలోనే ఉన్నా కాబట్టి మా సంగతే చెప్తా. మాది 15 కేవీఏ సెట్టు, అంటే ఫేజుకి 5 కేవీఏ, 230 వోల్టుల దగ్గర ఒక్కో ఫేజు ఇవ్వగలిగేది 21, 22 ఆంపులు, అంతే. బ్యాటరీ బ్యాంకు 48 వోల్టులు 400 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు), లెడ్ యాసిడ్. దానికి 80 ఆంపుల చార్జింగ్ ఇస్తే చార్జింగ్ వోల్టేజి 57.6 దగ్గర 4.6 కిలోవాట్లు, చార్జర్ తినేది కూడా కలిపితే 5.1, మా పాత చార్జర్ పవర్ ఫ్యాక్టర్ (లాగే కేవీఏలో నిజంగా పనికొచ్చే వాటా) 0.7 కాబట్టి జనరేటర్ మీద పడేది 7.3 కేవీఏ. 15లో 7.3 అంటే సగం కూడా లేదు కదా అని అందరం నిశ్చింతగా ఉన్నాం, కానీ అది సింగిల్ ఫేజు చార్జరు, ఆర్, వై, బి అనే మూడు ఫేజుల్లో మొత్తం ఆర్ ఫేజు మీదే ఉంది, అంటే 22 ఆంపుల వైండింగ్ (తీగ చుట్ట) నుంచి 31 లాగుతున్నాం.

ఆల్టర్నేటర్ (ఇంజను తిప్పితే కరెంటు పుట్టించే భాగం) దగ్గర వార్నిష్ మాడిన వాసన, ఇంజను ఒకటే అదురు. మెకానిక్ వచ్చి డీజిల్ ఫిల్టర్ మార్చాడు, మౌంటింగ్ బోల్టులు బిగించాడు, ఇంజను వేగాన్ని అదుపు చేసే గవర్నర్ కూడా కదిపాడు. చంకలో పిల్లాడిని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అయింది మా పని, చివరికి వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెడితే ఆర్‌లో 31, వైలో 2, బిలో 2.

సరే అని ఆ పెద్ద చార్జర్ తీసేసి ఒకే మోడల్‌వి చిన్నవి మూడు తెచ్చి ఫేజుకి ఒకటి కట్టాం, డీసీ వైపు మూడూ అదే బ్యాంకుకి. ఫేజుకి 10, 11 ఆంపులకి దిగింది, అదురు కూడా పోయింది. మూడు ఫేజులూ సమంగా లాగితే ఇంజను మీద పడే బరువు ఎప్పుడూ ఒకేలా ఉంటుందండి, ఒక్క ఫేజే లాగితే సెకనుకి 100 సార్లు పడుతూ లేస్తూ ఉంటుంది, మేం విన్నది ఆ అదురే.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. లోడు సమంగా ఉంటే మూడు ఫేజులకీ ఉమ్మడి తిరుగు వైరైన న్యూట్రల్‌లో కరెంటు సున్నా అని కదా చదువుకున్నాం, మాకు చూస్తే 15 ఆంపులు! ఒక్కో ఫేజులో ఉన్నదానికంటే ఎక్కువ. చార్జర్ కరెంటుని నున్నగా లాగదు, వేవ్ కొన దగ్గర గబుక్కున గుంజుతుంది, దాంతో మూడో హార్మోనిక్ (అసలు కరెంటుకి మూడు రెట్ల వేగంతో ఊగే కరెంటు) పుడుతుంది, అది న్యూట్రల్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకోదు, మూడూ కలిసిపోతాయి. మా వైర్‌మన్ న్యూట్రల్‌కి ఏముంటుందిలే అని సన్న వైరు వేశాడు, లగ్గు (వైరు కొనకి బిగించే తొడుగు) దగ్గర ఇన్సులేషన్ గోధుమ రంగుకి తిరిగిపోయి వేలు పెట్టలేనంత వేడి. అది ఊడిందా, తక్కువ లోడున్న ఫేజులో వోల్టేజి 230 దాటి 400 వైపు పరిగెడుతుంది, ఇక దాని మీద ఉన్న చార్జర్ సంగతి చెప్పక్కర్లేదు. మామూలు క్లాంప్ మీటర్ ఇలాంటి కరెంటుని తక్కువ చేసి చూపిస్తుంది, అసలు విలువ చూపించే ట్రూ ఆర్ఎంఎస్ మీటరే వాడాలి. కొత్తగా కొనేవాళ్ళయితే న్యూట్రలే అక్కర్లేని త్రీ ఫేజు చార్జర్ తీసుకోవడం మేలని నా అభిప్రాయం, ఈ గొడవ చాలావరకు ఉండదు.

ఇంకోటి, పొద్దున సమంగా ఉన్న లోడు మధ్యాహ్నానికి అలాగే ఉంటుందని గ్యారంటీ లేదు. మా మూడింట్లో ఒకదాని చార్జింగ్ వోల్టేజి సెట్టింగు తక్కువగా 56.8 దగ్గర ఉండిపోయింది, బ్యాటరీ దాదాపు 80 శాతానికి వచ్చేసరికి అది ఇక నా పని అయిపోయిందని చార్జింగ్ బాగా తగ్గించేసి ఫ్లోట్‌లోకి వెళ్ళి కూర్చుంది, మిగతా రెండూ లాగుతూనే ఉన్నాయి, మళ్ళీ లోడు ఒక పక్కకి ఒరిగింది. మూడింటికీ ఒకే సెట్టింగు పెట్టాక కుదురుకుంది. అసలు ఆ చివరి 20 శాతానికి గంటలకొద్దీ డీజిల్ సెట్టు తిప్పడం నాకు నచ్చదు, అప్పుడు బ్యాటరీ కొంచెమే లాగుతుంది, 30 శాతం లోపు లోడుతో ఎక్కువసేపు నడిస్తే డీజిల్ పూర్తిగా కాలక పొగగొట్టంలో నల్లటి జిడ్డు పడుతుంది, మెయిన్స్ కరెంటో సోలారో ఉంటే ఆ భాగం దానికి వదిలేయొచ్చు.

ఈసారి జనరేటర్ల గురించి వేసినప్పుడు కేవీఏ పక్కన ఫేజుకి ఎన్ని ఆంపులో కూడా వేయండి, చదివేవాళ్ళు అక్కడ ఒక్క నిమిషం ఆగుతారు. మేమైతే ప్యానెల్ తలుపుకి ఒక కాగితం అంటించాం, ఆర్, వై, బి, న్యూట్రల్ అని నాలుగు గడులు, స్టార్ట్ చేయగానే ఒకసారి, గంటకి ఒకసారి, ఆపే ముందు ఒకసారి రాయాలి. నాలుగో గడి ఖాళీగా వదిలేసిన వాళ్ళకి ఆ రోజు నా చేతిలో తిట్లే.

ఇట్లు,
ఒక జనరేటర్ ఆపరేటర్