ఫంక్షన్ల సీజన్ అయింది: చిన్నపిల్లల డ్రెస్సుల్లో వచ్చే ఏడాది నుంచి మార్పులు

అందరికీ నమస్కారం. పరీక్షలు అయ్యాయి, రిజల్టులు ఇచ్చేశారు, యాన్యువల్ ఫంక్షన్లూ పూర్తయ్యాయి. మన బరంపురం షాపు నుంచి అద్దెకు వెళ్ళిన డ్రెస్సులు ఒకటీ అరా తప్ప అన్నీ తిరిగొచ్చాయి. ఏప్రిల్ ఒకటో తారీఖున ఒడిశా రాష్ట్రావతరణ దినం ఉత్కళ దివస్‌కి బుక్ అయిన సంబల్‌పురి డాన్సు సెట్లు పక్కన పెట్టి మిగతావి ఉతుక్కి వేశాం. ఏటా ఈ టైములో కొత్త రేట్లు చెప్పి ఊరుకుంటాను, ఈసారి కొంచెం ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే వచ్చే సీజన్ నుంచి షాపులో కొన్ని మారుస్తున్నాం, ఆ సంగతి స్కూళ్ళ దీదీలకు (టీచరమ్మలకు), డాన్సు మాస్టార్లకు, అమ్మానాన్నలకు ముందుగా నా నోటితోనే చెప్పాలి.

అసలు మాట ముందే చెప్పేస్తాను. నర్సరీ నుంచి రెండో తరగతి వరకు పిల్లలకు చమ్కీ డ్రెస్సులు, అంటే శాటిన్ గుడ్డ మీద నెట్టు వేసి చమ్కీలు కుట్టిన సినిమా పాటల సెట్లు, ఇకమీదట ఇవ్వం. ఆ వయసు పిల్లలకు మన దగ్గర కాటన్ సెట్లే ఉంటాయి.

ఈ ఏడాది మా వీధి చివర ప్రైమరీ స్కూలు ఫంక్షనుకి డ్రెస్సులన్నీ మనవే వెళ్ళాయి కాబట్టి ఆ రోజు నేనూ మా తోటికోడలూ పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాం. చాలా బాగా చేశారు. ఇదివరకు జనవరిలో పెట్టేవారు, ఈసారి పరీక్షలయ్యాక బహుమతులు, యూకేజీ పిల్లల గ్రాడ్యుయేషన్, ఐదో తరగతి పిల్లలకు వీడ్కోలు అన్నీ ఒకే రోజు కలిపేశారు. వరండా గోడ మీద పిల్లల చేతిరాత కాగితాలు అతికించారు, ఒడియాలో కొన్ని, తెలుగులో కొన్ని, ఇంగ్లీషులో కొన్ని, కింద ఎవరి పేరు వాళ్ళే రాసుకున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడి బళ్ళో ఒడియా చదివే పిల్లలు మన బరంపురంలో ఎంతమందో మీకు తెలుసు. తమ పిల్ల తెలుగులో నాలుగు లైన్లు తప్పుల్లేకుండా రాసిందని ఒక తాతగారు ఆ కాగితం దగ్గరే నిలబడి వచ్చినవాళ్ళందరికీ చూపించారు. ఏడాదంతా బడి మానని పిల్లలకు స్టీలు టిఫిన్ బాక్సులు ఇచ్చారు, మార్కుల బహుమతుల కంటే వాటికే ఎక్కువ చప్పట్లు పడ్డాయి. నాకైతే అది చాలా నచ్చింది.

మూడో తరగతి వాళ్ళ కోలాటం, నాలుగో తరగతి సంబల్‌పురి, ఐదో తరగతి ఆడపిల్లల ఒడిస్సీ వరసగా అయ్యాయి. ఒకటో తరగతి పిల్లల సినిమా పాట మాత్రం చివరికి పెట్టారు. ముఖ్య అతిథి రావాలి, ప్రసంగాలు అవ్వాలి, ఈ పిల్లలేమో మూడింటికే చమ్కీ డ్రెస్సులు వేసుకుని షామియానా కింద కూర్చున్నారు. మార్చి నెలాఖరు, గోపాల్‌పూర్ సముద్రం ఇంత దగ్గరున్న ఊరు, మన ఉక్కపోత ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. శాటినూ నెట్టూ మామూలుగా మనకొచ్చేది పాలిస్టరే, అది చెమట పీల్చదు, లోపలి తడి లోపలే ఉండిపోతుంది. దానికి తోడు చమ్కీ కుట్టిన దారం ముడులు లోపలివైపు గీసుకుంటాయి, నడుం దగ్గర ఎలాస్టిక్ పట్టేస్తుంది. పాట మొదలయ్యేసరికి ఇద్దరు పిల్లలు ఏడుస్తున్నారు, ఒక పాపకి మెడ చుట్టూ, చంకల కింద ఎర్రగా దద్దుర్లు లేచాయి. మా తోటికోడలు ఆ పాపకి డ్రెస్సు విప్పి తన చీర కొంగు చుట్టి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పాప పాటలో లేదు. ఆరు నెలలు ప్రాక్టీసు చేసిన పిల్ల.

ఇందులో స్కూలుని అనేదేమీ లేదు, పిల్లలు ఎక్కువమంది ఉన్న ఫంక్షనుకి ఆలస్యం అవుతుంది. ఆలస్యమైనా పిల్లలకు ఇబ్బంది లేని బట్ట ఇవ్వడం మా చేతిలో ఉన్న పని. అదే చేద్దామని ఆ రాత్రే ఇంట్లో అనుకున్నాం.

డబ్బు సంగతి కూడా దాచకుండా చెప్తాను. చిన్న సైజు చమ్కీ సెట్లే మాకు ఎక్కువ తిరిగే సరుకు. హోల్‌సేల్‌లో రెడీమేడ్‌గా దొరుకుతాయి, స్టేజి లైట్ల కింద మెరుస్తాయి, ఫొటోల్లో బాగుంటాయి, అందుకే అందరూ అవే అడుగుతారు. ఒక్కో సెట్టుకి 180 రూపాయలు అద్దె తీసుకునేవాళ్ళం. కాటన్ సెట్టు రెడీమేడ్‌గా రాదు, గుడ్డ కొని మేమే కుట్టుకోవాలి, కుట్టుకూలి ఎక్కువ పడుతుంది. కాకపోతే ఇంట్లోనే ఉతుక్కోవచ్చు, చమ్కీలు రాలే బాధ లేదు, నాలుగు సీజన్లు నిలుస్తుంది. లెక్క వేసుకుని అద్దె 120 పెట్టాం, డిపాజిట్ 200. వచ్చే ఏడాది మాకు ఆదాయం తగ్గుతుంది, పెట్టుబడి తిరిగి రావడానికి రెండు సీజన్లు పట్టొచ్చు. అది మేం భరిస్తాం, పెద్ద సైజుల రేట్లు పెంచి ఆ లోటు పూడ్చుకునే ఉద్దేశం లేదు. ఉన్న చిన్న చమ్కీ సెట్లు విప్పేసి ఆ లేసులు, బోర్డర్లు మూడో తరగతి నుంచి పై సైజులకు వాడుతున్నాం. ఆ పెద్ద సైజులన్నిటికీ లోపల కాటన్ లైనింగ్ వేస్తున్నాం.

ఇప్పుడు డాన్సు మాస్టార్లు అడిగే మాట: సినిమా పాట లేకపోతే చిన్నపిల్లలతో ఏం చేయించాలి? పాట మీ ఇష్టం, డ్రెస్సు కాటన్‌ది వేయండి అంతే. అయినా నా మనసులో మాట చెప్తాను, మన గంజాం జిల్లాలో, పక్కన శ్రీకాకుళంలో, చిన్నపిల్లలకు సరిపోయేవి చాలా ఉన్నాయి. బాఘ నాచ, అంటే పులి డాన్సు, ఉంది. మన ఊరి అమ్మవారి ఠాకురాణి యాత్రలో ఒంటినిండా పసుపూ నలుపూ చారలు వేసుకున్న పులివేషాన్ని చూడని పిల్ల ఈ ఊళ్ళో లేదు. పులి అనగానే రెండో తరగతి పిల్లలకు ఎవరూ స్టెప్పులు నేర్పక్కర్లేదు. రంగు పూయకుండా పసుపు కాటన్ మీద నల్ల చారలతో చొక్కా, ప్యాంటు, చెవులున్న టోపీ కుడుతున్నాం. కావాలనే రెండు ముక్కలుగా కుడుతున్నాం, ఒకే ముక్కగా ఉంటే బాత్రూముకి తీసుకెళ్ళే ఆయమ్మకి, పిల్లకి ఎంత అవస్థో ఫంక్షన్లలో చూస్తూనే ఉన్నాం. దాసకాఠియా కూడా మన గంజాందే, ఇద్దరు నిలబడి చెక్కలు వాయిస్తూ కథ చెప్పేది, మాటకారి పిల్లలు ఇద్దరుంటే చాలు, పంచెలు, తలపాగాలు మేమిస్తాం. తప్పెటగుళ్ళకి గుండె మీద కట్టుకునే చిన్న రేకు తప్పెట్లు చేయిస్తున్నాం, గజ్జెలతో కలిపి సెట్టు. రణపా, అంటే ఆ కర్రకాళ్ళ డాన్సు, ప్రైమరీ పిల్లలకు వద్దు, అడిగినా ఇవ్వం, పడితే చేతులు విరుగుతాయి.

ఒడిస్సీ విషయం వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ప్రతిసారీ తల్లులతో మాట తేడా వస్తోంది. ఒడిస్సీకి వెండి రంగు నగలే పెట్టాలి, కూచిపూడికీ భరతనాట్యానికీ బంగారు రంగువి. మెరుస్తాయని బంగారు రంగు వడ్డాణం అడిగితే ఇచ్చేయడం మాకేమీ కష్టం కాదు, కానీ స్టేజి మీద పిల్ల తప్పుగా కనిపిస్తుంది, నేర్పిన గురువుగారికి చిన్నతనం. అసలైన వెండి తారకాసి నగలు, అంటే సన్నని వెండితీగతో అల్లినవి, కటక్ పనివాళ్ళవి, అవి అద్దెకిచ్చే వస్తువులు కావు, మనవి తెల్ల మెటల్‌వే, ఆ సంగతి అడగకముందే చెప్తున్నాను. తలమీద పెట్టే తాహియా జీలుగుబెండుతో చేస్తారు, పూరీ నుంచి తెప్పిస్తాం. బెండు నీళ్ళు తగిలితే పాడవుతుంది, నొక్కితే విరిగిపోతుంది. అందుకని అట్టపెట్టెలో పెట్టి ఇస్తాం, అదే పెట్టెలో పెట్టి తెచ్చివ్వండి. ఈసారి రెండు తాహియాలు పాలిథిన్ కవర్లో డ్రెస్సు కింద నలిగి వచ్చాయి, వాటి డిపాజిట్ కోయక తప్పలేదు.

సంబల్‌పురి సెట్ల గురించి కూడా ఒక మాట. నిజమైన బంధా చీరంటే నేయకముందే నూలుకి ముడులు కట్టి రంగులు అద్ది ఆ తర్వాత నేస్తారు, అందుకే ఆ పువ్వూ శంఖమూ ముందూ వెనకా ఒకేలా పడతాయి. మనం పిల్లలకు ఇచ్చేది ఆ డిజైను ప్రింటు వేసిన కాటన్ గుడ్డ, ముందే కుచ్చిళ్ళు కుట్టేసి, నడుం దగ్గర టిచ్ బటన్లు పెట్టి ఇస్తాం. సేఫ్టీ పిన్నులు ఎక్కడా వాడం.

ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి ఎప్పుడూ అడిగేవే అడుగుతున్నారు, గాంధీగారు, భారతమాత, ఝాన్సీరాణి. బాగానే ఉంటాయి, ఆ సెట్లు ఉంటాయి కూడా. కానీ ఈసారి ఒక నాన్నగారు వచ్చి వి.వి.గిరిగారి వేషం కావాలన్నారు, మా షాపుకి అలా అడగడం అదే మొదలు. తెల్ల పంచె, లాల్చీ, కండువా, లావు ఫ్రేము కళ్ళద్దాలు సర్ది ఇచ్చాం. ఆ బాబు మైకు పట్టుకుని ‘నేను 1894లో ఈ బరంపురంలోనే పుట్టాను’ అన్నాడు, షామియానా కింద ఉన్న పెద్దవాళ్ళు కూడా ఒక్కసారి తలెత్తి చూశారు. రైల్వే కార్మికుల కోసం పనిచేశాను, 1969 నుంచి 1974 దాకా రాష్ట్రపతిగా ఉన్నాను, 1975లో భారతరత్న ఇచ్చారు, అని గుక్కతిప్పుకోకుండా చెప్పి నమస్కారం పెట్టాడు. మొదటి బహుమతి వాడికే. గిరి రోడ్డు మీద రోజూ తిరిగే పిల్లలకు ఆ గిరి ఎవరో ఆ రోజు తెలిసింది. అందుకని ఇలాంటి మన ప్రాంతంవాళ్ళ సెట్లు ఇంకా తయారుచేస్తున్నాం: 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రం కావడానికి పాటుపడిన పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి, అందుకే పాటుపడిన మధుబాబు (మధుసూదన్ దాస్), పర్లాకిమిడిలో పిల్లలకు పాఠాలు చెప్పి సవరల భాష నేర్చుకుని వాళ్ళకోసం పుస్తకాలు రాసిన గిడుగు రామమూర్తిగారు. గిడుగువారి సెట్టు ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవానికి సిద్ధం చేస్తాం, ఆ రోజుకి ప్రైమరీ పిల్లల దగ్గర అద్దె తీసుకోం, డిపాజిట్ మాత్రం కట్టాలి. ప్రతి వేషంతో పిల్ల చెప్పాల్సిన నాలుగు మాటలు తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన కాగితం ఇస్తాం.

గ్రాడ్యుయేషన్ గౌన్ల సంగతి. నల్ల పాలిస్టర్ గౌను, పొడుగు చేతులు, నెత్తిన పలక టోపీ, అదీ మార్చి ఎండలో, ఐదేళ్ళ పిల్లలకి. స్కూళ్ళు అడుగుతున్నాయి కాబట్టి పూర్తిగా మానెయ్యలేం, కాటన్‌లో నీలం రంగువి పొట్టి చేతులతో కుట్టిస్తున్నాం. దానికి బదులుగా ఇంకో దారి కూడా ఉంది, ఒకరిద్దరు ప్రిన్సిపల్ మేడమ్‌లతో ఇప్పటికే మాట్లాడాను: యూనిఫాం మీదే కుంభం అంచు ఉన్న కాటన్ కండువా వేయడం. బరంపురం పట్టుకి జీఐ (ఫలానా ఊరిదే అనే భౌగోళిక) గుర్తింపు తెచ్చిన అంచు అదే, గుడి శిఖరాల వరసలా ఉంటుంది. పట్టుది పిల్లలందరికీ కొనలేం, కాటన్‌లో నేసిస్తామని ఇక్కడి నేతవాళ్ళు ఒప్పుకున్నారు. ఇది అద్దెకి కాదు, పిల్ల ఇంటికి తీసుకెళ్ళిపోవచ్చు. ధర నేతవాళ్ళతో తేలాక చెప్తాను.

ఇక బుకింగ్. స్కూళ్ళవాళ్ళు ఫంక్షనుకి నెల ముందే లిస్టు ఇవ్వండి. ‘రెండో తరగతి, ఇరవైమంది’ అని రాస్తే సైజులు కుదరవు, ఆ వయసులో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరికి జానెడు తేడా ఉంటుంది. ఒక్కో పిల్ల ఎత్తు, ఛాతీ కొలత రాసి పంపండి, టేపు లేకపోతే మా తోటికోడలు స్కూలుకే వచ్చి కొలుచుకుంటుంది. వాడిన డ్రెస్సు ఉతకకుండా, సెంటు కొట్టకుండా మూడు రోజుల్లో తెచ్చివ్వండి. గజ్జెలు లెక్కపెట్టి ఇస్తున్నాం, లెక్కపెట్టే తీసుకుంటాం.

జనవరి నుంచి ఉన్న డిపాజిట్లు కొన్ని ఇంకా మా దగ్గరే ఉండిపోయాయి. రసీదు పోయినా పర్వాలేదు, పుస్తకంలో మీ ఫోన్ నంబరు ఉంటుంది, వచ్చి తీసుకెళ్ళండి. ఆ డబ్బు మాది కాదు, లెక్క మిగిలిపోతుంటే నాకు టెన్షన్.

ఏప్రిల్‌లో మార్నింగ్ స్కూళ్ళు కాబట్టి షాపు పొద్దున పదకొండు నుంచి ఒంటిగంట వరకు, మళ్ళీ సాయంత్రం ఐదు నుంచి ఎనిమిదిన్నర వరకు తీస్తాం. మే నెలంతా అద్దెలు ఉండవు, కుట్టుపని మాత్రమే. కుట్టు బాగా వచ్చిన ఆడవాళ్ళు ఇద్దరు కావాలి, కూలి ముక్కకి లెక్కన, గుడ్డ ఇంటికి తీసుకెళ్ళి కుట్టుకోవచ్చు. ఇచ్ఛాపురం నుంచి రైల్లో వచ్చేవాళ్ళయినా సరే, వారానికి ఒకసారి వస్తే చాలు. కొత్త సెట్లు జూన్‌కల్లా తయారవుతాయి. స్కూళ్ళు తెరిచాక మీ పిల్లల్ని తీసుకురండి, వేసి చూసుకోవడానికి డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు, ఎక్కడ గీసుకుంటోందో, ఎక్కడ బిగుతుగా ఉందో పిల్లల్నే చెప్పమనండి, అది చూసి సరిచేస్తాం.