సముద్రానికి పంపేటప్పుడు ఆటుపోట్ల వేళలు కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో తీరప్రాంత విహారం మీద రెండు పేజీలు వేశారు. సూర్యలంక, అంతర్వేది, కోరింగ, ఋషికొండ, భీమిలి అన్నీ వచ్చాయి. ఫొటోలు బాగున్నాయి. ఎక్కడ దిగాలో, ఏం తినాలో, ఏ ఊరి నుంచి ఎంత దూరమో రాశారు. సముద్రం ఏ వేళకు ఎలా ఉంటుందో మాత్రం ఒక్క ముక్క లేదు. నేను హనుమకొండలో టూరిస్టు బండి నడుపుతాను. మన వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు కుటుంబాలను ఏళ్ళ తరబడి సముద్రానికి తీసుకెళ్తున్నాను. ఆ ఒక్క ముక్క తెలియకపోతే ఏమవుతుందో కళ్ళారా చూసినవాణ్ణి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన దగ్గర నీళ్ళంటే చెరువు. పాకాలైనా, లక్నవరమైనా, ఊరి చెరువైనా పొద్దున ఎక్కడిదాకా నీళ్ళుంటే సాయంత్రానికీ అక్కడే ఉంటాయి. బతుకమ్మను ఏ మెట్టు మీద నిలబడి వదిలామో, అది తేలుకుంటూ పోయేదాకా ఆ మెట్టు మీదే నిలబడొచ్చు. అదే అలవాటుతో మనవాళ్ళు సముద్రం టూరు వేసుకుంటారు. రాత్రి భోజనాలు చేసి బయల్దేరడం, తెల్లారేసరికి బాపట్ల, స్నానాలు, టిఫిను, సాయంత్రానికి విజయవాడలో అమ్మవారి దర్శనం. గుడి తలుపులు ఎప్పుడు మూస్తారో ఫోన్ చేసి మరీ కనుక్కుంటారు. సముద్రం వేళలు అడిగినవాళ్ళు నా బండిలో దాదాపు లేరు.

సముద్రం రోజుకు రెండుసార్లు పోటెక్కుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. పోటుకూ ఆటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు. ఇవాళ ఉదయం 8 గంటలకు పోటు ఉంటే రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకు, పౌర్ణమికి నీళ్ళు బాగా పైకొచ్చి బాగా కిందికి పోతాయి. అష్టమి దగ్గర్లో ఆ తేడా తక్కువ. తిథి కోసం గోడ మీది క్యాలెండరు చూడని ఇల్లు మన దగ్గర ఉండదు. కానీ కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానానికి వేలమందిమి పోతాం, ఆ రోజు నీళ్ళ కదలిక ఎక్కువగా ఉంటుందని మనలో ఎంతమందికి తెలుసు? తీరంలో వల వేసేవాళ్ళకు ఇదంతా చిన్నప్పటి నుంచీ తెలుసు. మనకు ఎవరో ఒకరు చెప్పాలి. మీరు చెప్తే అందరికీ చేరుతుంది.

ఒకసారి పరకాల వైపు కుర్రాళ్ళను తీసుకెళ్ళాను. బీచ్ పేరు ఇక్కడ అవసరం లేదు. బండి ఆగీ ఆగగానే పరుగెత్తారు. జాగ్రత్త అంటే, "అన్నా, మేం బావిల దూకి ఈత నేర్చినోళ్ళం, ఏంగాదు" అన్నారు. అలలు పెద్దగా విరుగుతున్న చోటు వదిలి, పక్కనే నున్నగా ఉన్న చోటు చూసుకుని దిగారు. ఒడ్డున వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన తలెత్తి, "బాబూ, ఆ సందులో దిగనివ్వకండి మీవాళ్ళని, లాగేస్తది" అన్నాడు. నేను లేచి కేకలేసేలోపే ఒకతను నడుంలోతు నుంచి చాలా లోపలికి పోయాడు. ఒడ్డు వైపే చూస్తూ ఈదుతున్నాడు, ఉన్నచోటి నుంచి కదల్లేదు. పెద్దాయన పిలిస్తే ఇద్దరు మత్స్యకారులు తాడు, గాలి ట్యూబు తీసుకుని దూకారు. బయటికి తెచ్చాక అతను చాలాసేపు ఉప్పునీళ్ళు కక్కుకున్నాడు. ప్రాణం దక్కింది. అందరికీ అలా దక్కదని మీ పేపర్లోనే చదువుతున్నాం.

తర్వాత ఆ పెద్దాయనే తడి ఇసుక మీద పుల్లతో గీసి చూపించాడు. అలలు నీళ్ళను ఒడ్డుకు తోస్తాయి. ఆ నీళ్ళన్నీ మళ్ళీ లోపలికి పోవాలి కదా. నీళ్ళ అడుగున ఒడ్డు పొడవునా ఇసుక మేట ఉంటుంది. మేటకు ఎక్కడ గండి ఉంటే తిరుగు నీరంతా అక్కడి నుంచే జోరుగా పోతుంది. దాన్నే రిప్ కరెంట్ అంటారు. అక్కడ అలలు విరగవు, నురగ తక్కువ, నీళ్ళు కాస్త మట్టిరంగులో ప్రశాంతంగా కనబడతాయి. కొత్తవాళ్ళ కంటికి అంతకంటే మంచి చోటు లేదనిపిస్తుంది. ఆటు వేళ, నీళ్ళు తగ్గుతున్నప్పుడు ఈ లాగుడు సాధారణంగా ఇంకా ఎక్కువ. ఇది మనిషిని కిందికి ముంచదు, లోపలికి తీసుకుపోతుంది. ఎదురీదితే ఎంతటి ఈతగాడైనా అలిసిపోతాడు, మునిగేది అప్పుడే. చిక్కుకుంటే గాభరా పడకుండా వెల్లకిలా తేలాలి, చెయ్యెత్తి పిలవాలి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమానంగా పక్కకు ఈది, లాగుడు దాటాక అలలతో పాటు బయటికి రావాలి. ఇది నాలుగు లైన్ల విషయం. మీ రెండు పేజీల్లో ఒక మూల పట్టేది.

మందు తాగి నీళ్ళలో దిగే సంగతి వేరే రాయక్కర్లేదు, మీరు ఎన్నిసార్లు రాసినా సరిపోదు. ఆడవాళ్ళు చీరలతో మోకాలిలోతు దాటి వెళ్తారు. తడిసిన చీర బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటుంది. సముద్రానికి వీపు పెట్టి ఫొటో దిగేవాళ్ళను చూస్తే నాకు ప్రతిసారీ టెన్షనే.

అయితే ఈ వేళల సంగతి ప్రమాదాల కోసమే అనుకోవద్దు. తీరంలో చూడదగ్గవి చాలావరకు ఆటుపోట్ల మీదే ఆధారపడి ఉంటాయి. కోరింగనే తీసుకోండి. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం అది, 1978లో ప్రకటించారు. ద్రాక్షారామం దర్శనం చేసుకుని యానాం మీదుగా వస్తే దారిలోనే తగులుతుంది. మీరు వేసిన ఫొటోలో చెక్కల దారి, పడవ ఉన్నాయి. పడవ కాలువలో నీళ్ళు నిండినప్పుడే తిరుగుతుంది. ఆటు వేళకు వెళ్ళిన కుటుంబాలు పడవ లేదని విసుక్కుని, పావుగంటలో బండెక్కి, "ఏముంది అక్కడ, బురద" అనడం నేను విన్నాను. నిజానికి ఆ బురదే చూడాలి. నీళ్ళు దిగిపోయాక, ఉప్పునీటి బురదలో పెరిగే మడ చెట్ల చుట్టూ నేలలోంచి వేళ్ళు పైకి పొడుచుకుని ఉంటాయి, గుచ్చిన పెన్సిళ్ళలాగా వందలకొద్దీ. బురదలో గాలాడదు కాబట్టి చెట్టు ఆ వేళ్ళతో ఊపిరి తీసుకుంటుంది. వాటి మధ్య ఒక చెయ్యి చిన్నది, ఒక చెయ్యి పెద్దది ఉన్న ఎండ్రకాయలు ఆ పెద్ద చేతిని ఊపుతూ బొరియల్లోంచి వస్తాయి. చేపలు బురద మీద గెంతుతాయి, మీరు నమ్మండి, చేపలే. తెల్ల మడ ఆకును దగ్గరగా చూస్తే సన్నటి తెల్లటి పొడి కనబడుతుంది. వేలికి రాసి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు. వేళ్ళ నుంచి లోపలికి వచ్చిన ఉప్పును చెట్టు ఆకు మీదికి నెట్టేస్తుంది. కొన్ని రకాలకు గింజ కొమ్మ మీద ఉండగానే మొలకెత్తి, పొడుగ్గా వేలాడి, ఆ తర్వాతే నీళ్ళలోకి రాలుతుంది. బావురుపిల్లులు, నీటికుక్కలు కూడా ఉన్నాయి కానీ అవి జనం గోలకు బయటికి రావు. కాబట్టి ఆటుకు వెళ్తే నేల చూడండి, పోటుకు వెళ్తే పడవెక్కండి అని రాస్తే చాలు, ఎవరూ నిరాశగా తిరిగి రారు.

కోరింగలో మంగపేట నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నన్ను అడిగింది: "ఇవి మన గోదారి నీళ్ళేనా బిడ్డా?" అవును. కాళేశ్వరం నుంచి మంగపేట, భద్రాచలం మీదుగా పోయే గోదావరి దవళేశ్వరం ఆనకట్ట దాటాక గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. ఆ గౌతమి పాయలు తెచ్చిన ఒండ్రు మీదే కోరింగ మడ అడవి నిలబడింది. ఆవిడ వంగి నీళ్ళు తల మీద చల్లుకుంది. మన జిల్లాల పిల్లలకు గోదావరి పైభాగం తెలుసు, చివర తెలియదు. స్కూలు టూర్లను గోల్కొండకు, సాగర్‌కు తీసుకెళ్ళే టీచర్లు ఒక్క ఏడాది కోరింగకు తీసుకెళ్తే బాగుంటుందని నా గట్టి కోరిక. కాకినాడకు ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ కూడా ఇదే గోదావరి ఇసుకతో ఏర్పడింది. ఉప్పెన అలలు నేరుగా ఊరి మీద పడకుండా కాకినాడను కాస్తున్నది అదే.

తాబేళ్ళ సంగతి మీరు అసలు రాయలేదు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు జనవరి నుంచి మార్చి వరకు రాత్రిపూట మన తూర్పు తీరం ఒడ్డెక్కి, ఇసుకలో గుంత తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్ళిపోతాయి. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. విశాఖ తీరంలోనూ మరికొన్ని చోట్లా అటవీ శాఖ వాళ్ళు స్థానిక మత్స్యకారులతో కలిసి గుడ్లను సేకరించి, కంచె వేసి కాపాడి, పిల్లలను సముద్రంలోకి వదులుతారు. అది చూసే అదృష్టం దొరికితే పిల్లలు జన్మలో మరిచిపోరు. కానీ ఒడ్డున లైట్లు వేసినా, ఫోన్ల ఫ్లాష్ కొట్టినా ఆ తాబేలు పిల్లలు సముద్రం అనుకుని వెలుతురు వైపే నడుస్తాయి. గుడ్లు తీయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. రాత్రి బీచ్‌లో మంట వేసుకుని పాటలు పెట్టుకునే మనవాళ్ళకు ఈ సంగతి మీ పేజీ ద్వారా చేరాలి.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల గురించి మాత్రం ఒక్క మాట: ఎక్కి జారే చోటు అది కాదు, అడుగు పడ్డ ప్రతిచోటా మట్టి రాలుతుంది. దూరం నుంచి చూడమని రాయండి.

కాలం గురించి కూడా. దసరా సెలవులకు బండ్లన్నీ బుక్కవుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. అడ్వాన్సు పోతుందని వాయుగుండం వార్తలు వింటూ కూడా బయల్దేరదామనే వాళ్ళతో నాకు ఏటా వాదనే. సంక్రాంతి నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు నా లెక్కలో తీరానికి అన్నిటికంటే మంచి కాలం. ఎండ తక్కువ, పక్షులుంటాయి, తాబేళ్ళ కాలం కూడా అదే.

ఇక మీకు నా విన్నపం. జులై, ఆగస్టు నెలల్లో రామన్నగూడెం దగ్గర గోదావరి మట్టం ఎంతో మీరే రోజూ వేస్తారు. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని మా పిల్లలు కూడా చెప్తారు. అది మీ పేపరు చదివి నేర్చుకున్నదే. సముద్రం విషయంలోనూ అలాగే చెయ్యొచ్చు. సముద్రం లేని మన హైదరాబాదులోనే ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1999 నుంచి పనిచేస్తోంది. అలల ఎత్తు, పెద్ద అలల హెచ్చరికలు, సునామీ హెచ్చరికలు ఇచ్చేది వాళ్ళే. మత్స్యకారుల ఫోన్లకు వాళ్ళ సమాచారం పోతుంది. అదే సమాచారం నుంచి శుక్రవారం నాడు మీ వరంగల్ ఎడిషన్‌లో చిన్న డబ్బా ఒకటి కట్టండి: శని, ఆదివారాల్లో సూర్యలంక, కాకినాడ, విశాఖల్లో పోటు ఎప్పుడు, ఆటు ఎప్పుడు, అలలు ఎంత ఎత్తు, హెచ్చరిక ఏమైనా ఉందా. లైఫ్‌గార్డులు ఏ బీచ్‌లో ఏ వేళకు ఉంటారో కూడా కనుక్కుని వేస్తే మరీ మంచిది.

సంక్రాంతి సెలవులకు ముందే మొదలుపెడితే మేలు. మా స్టాండులో డ్రైవర్లందరితో మాట్లాడాను. ఆ డబ్బా కత్తిరించి బండిలో ముందు సీటు వెనక అంటిస్తామని, బీచ్ దగ్గర డోరు తీసేముందు అందరికీ చదివి వినిపిస్తామని ఒప్పుకున్నారు.

— ఒక టూరిస్టు బండి డ్రైవర్,
హనుమకొండ