నాలుగుసార్లు వద్దన్నా ఆగని మీ ఆఫర్ మెయిళ్లు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: అన్‌సబ్‌స్క్రయిబ్ చేశాక కూడా వస్తున్న ప్రచార మెయిళ్లపై ఫిర్యాదు

అయ్యా/అమ్మా,

జూన్‌లో మీ సైటులో ఒక మిక్సీ జార్ కొన్నాను. జార్ బాగానే ఉంది, గొడవ దానితో కాదు. ఆర్డరిచ్చేటప్పుడు "ఆఫర్లు పంపండి" గడిలో ముందే పెట్టి ఉన్న టిక్ తీసేశాను. అయినా మర్నాటి నుంచే రోజుకు రెండు మూడు ఆఫర్ మెయిళ్లు. నాలుగుసార్లు అన్‌సబ్‌స్క్రయిబ్ కొట్టాను. నాలుగుసార్లూ "మీ అభ్యర్థన అందింది" అన్న పేజీ వచ్చింది, మెయిళ్లు మాత్రం ఆగలేదు.

అసలు ఆ లింకు దొరకడమే గగనం. జీమెయిల్ 102 కేబీ దాటిన మెయిల్‌ని అక్కడితో కోసేసి, మిగతాది చూడాలంటే వేరే లింకు నొక్కమంటుంది. మీ దీపావళి మెయిల్‌లో హెచ్‌టీఎంఎల్ (మెయిల్ రూపాన్ని నిర్ణయించే కోడ్) ఒక్కటే 140 కేబీ ఉంది. బొమ్మలు ఈ లెక్కలోకి రావు, అవి బయటి నుంచి లోడవుతాయి. ప్రతి కుక్కర్‌కీ, ప్రతి మూకుడుకీ అదే టేబుల్‌ని స్టైల్‌తో సహా మళ్లీ మళ్లీ రాయడం వల్ల వచ్చిన బరువు అది. దాంతో అట్టడుగున లేత బూడిద రంగులో ఉన్న అన్‌సబ్‌స్క్రయిబ్ లింకు ఆ కోతలో పోయింది. వస్తువులు సగానికి తగ్గించండి, లేదా ఆ లింకును పైకి తీసుకురండి.

లింకు దొరికాక లాగిన్ అడుగుతోంది. యాంటీవైరస్ స్కానర్లు లింకుల్ని ముందే తెరిచేస్తాయి కాబట్టి, పొరపాటున ఎవరి పేరూ పోకూడదని లాగిన్ పెట్టామని మీ కస్టమర్ కేర్ రాసింది. స్కానర్ల సంగతి నిజమే. దానికి మందు లాగిన్ కాదు. 2017లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8058 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం సరిగ్గా ఈ చిక్కు కోసమే పుట్టింది: లింకు తెరిస్తే ఏమీ జరగదు, పోస్ట్ పద్ధతిలో (అంటే లింకు తెరవడంతో కాక, బటన్ నొక్కితే మెయిల్ ప్రోగ్రామే పంపే) అభ్యర్థన వస్తేనే పేరు తీసేయాలి. మెయిల్ హెడర్‌లో (పైకి కనపడని సాంకేతిక వివరాల్లో) లిస్ట్-అన్‌సబ్‌స్క్రయిబ్‌తో పాటు లిస్ట్-అన్‌సబ్‌స్క్రయిబ్-పోస్ట్ కూడా ఉండాలి, డీకిమ్ సంతకం (మెయిల్ దారిలో మారలేదని రుజువు చేసే డిజిటల్ ముద్ర) ఆ రెండింటినీ కవర్ చేయాలి. మీ మెయిల్‌ని, హెడర్లు చూపించే జీమెయిల్ "షో ఒరిజినల్"లో తెరిచి చూశాను. మొదటిది ఉంది, అదీ ఒక మెయిల్ అడ్రసుతో. రెండోది లేనే లేదు. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 మెయిళ్లు దాటించేవాళ్లకి గూగుల్ 2024 నుంచి దీన్ని తప్పనిసరి చేసింది. వద్దన్నవాళ్ల పేరు రెండు రోజుల్లో తీసేయాలనీ చెప్పింది.

ఇక మెయిళ్లు ఆగకపోవడానికి అసలు కారణం. హెడర్లను బట్టి మీ మెయిళ్లు రెండు వేర్వేరు పంపిణీ సర్వీసుల నుంచి వస్తున్నాయి. ఒకదానిలో వద్దంటే రెండోదానికి తెలియడం లేదు. మొదటిది కూడా నెల మొదట్లో మళ్లీ మొదలవుతోంది. నా అంచనా ఇది: ప్రతి నెలా కస్టమర్ల పట్టికను కొత్తగా ఎక్కిస్తున్నారు, తీసేసిన అడ్రసు దాంతో తిరిగి లోపలికొస్తోంది. అడ్రసును ఊరికే డిలీట్ చేస్తే జరిగేది అదే. డిలీట్ చేయకండి, "వద్దన్నవారి జాబితా"లో ఉంచండి. ఆ జాబితా సర్వీసుల దగ్గర కాదు, మీ దగ్గర ఒక్కటే ఉండాలి. ఏ సర్వీసు ఏ మెయిల్ పంపినా ముందు దానితో సరిచూడాలి. బిల్లు, డెలివరీ మెయిళ్లు ఇందులో కలపొద్దు, అవి నాకు కావాలి.

"స్పామ్ అని మార్క్ చేసుకోండి" అని కూడా మీ కస్టమర్ కేర్ సలహా ఇచ్చింది. వెయ్యికి ముగ్గురు, అంటే 0.3 శాతం, ఆ బటన్ నొక్కినా గూగుల్ దృష్టిలో మీ డొమైన్ (మెయిల్ అడ్రసులో @ తర్వాతి పేరు) పరువు పోతుంది. ఆఫర్లూ ఓటీపీలూ ఒకే డొమైన్ నుంచి పంపుతున్నారు కనుక ఓటీపీలు కూడా స్పామ్‌లోకి వెళ్లే ప్రమాదం ఉంది. సలహా ఇచ్చినవాళ్లకి ఈ సంగతి తెలిసినట్టు లేదు.

అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు ఇంకొకటుంది. మీకిచ్చిన అడ్రసులో నా పేరు తర్వాత ప్లస్ గుర్తు, దాని పక్కన మీ షాపు పేరు ఉన్నాయి (జీమెయిల్‌లో ప్లస్ తర్వాత ఏం రాసినా మెయిల్ నాకే వస్తుంది). అది మీకు తప్ప ఇంకెవరికీ ఇవ్వలేదు. సెప్టెంబరులో సరిగ్గా ఆ అడ్రసుకే ఒక పర్సనల్ లోన్ మెయిల్ వచ్చింది. అమ్మారా, ఎవరితోనైనా పంచుకున్నారా, లీకయిందా? మూడింటిలో ఏదో లిఖితపూర్వకంగా చెప్పండి.

ప్రచార ఫోన్లకీ ఎస్సెమ్మెస్‌లకీ వద్దని చెప్పడానికి 1909 నంబరు ఉంది, మెయిళ్లకి అలాంటిదేమీ లేదు కాబట్టే మీకు రాయాల్సి వచ్చింది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం, సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలంటోంది. అది దశలవారీగా అమల్లోకొస్తోందని మీ లాయరు గుర్తుచేయొచ్చు, నాకూ తెలుసు. నెల దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఇవే కాగితాలు పంపిస్తాను.

జతపరచినవి: నాలుగు అన్‌సబ్‌స్క్రయిబ్ పేజీల స్క్రీన్‌షాట్లు, రెండు సర్వీసుల మెయిళ్ల పూర్తి హెడర్లు, లోన్ మెయిల్ హెడరు, ఆర్డరు బిల్లు.

ఇట్లు,
మీ వినియోగదారు
(పేరు, ఆర్డరు నంబరు బిల్లులో ఉన్నాయి)