సంఘం వార్షిక నివేదిక 2025–26: కంప్యూటర్ విభాగం

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, ఆదివారం తెలుగు బడి, గ్రంథాలయం ఎప్పటిలాగే సాగాయి. వాటి జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డు మీద ఉంది, చూసుకోగలరు. ఈసారి నివేదికలో ఎక్కువ చోటు లాప్‌టాప్ శిబిరాలదే. పర్లాకిమిడిలోనైనా గుణుపురంలోనైనా వచ్చిన ఫిర్యాదు ఒకటే: ఆన్ చేసి స్నానం చేసి వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటోందని. దానికితోడు 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోవడంతో, ఉన్నది పారేసి కొత్తది కొనాలేమోనన్న కంగారు. చాలామందికి ఆ అవసరం లేదు.

డబ్బు తీసే ముందు జబ్బు ఎక్కడుందో చూడాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీలో డిస్క్ 100 శాతం దగ్గర నిలబడిపోయి, ప్రాసెసర్ మాత్రం ఖాళీగా కూర్చుంటే దోషం హార్డ్ డిస్క్‌ది. ఏమీ తెరవకుండానే 4 జీబీ ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడే తాత్కాలిక జ్ఞాపకం) దాదాపు నిండిపోతే అది ర్యామ్ కొరత. స్టార్టప్ పేజీలో పైన ‘లాస్ట్ బయోస్ టైమ్’ అని, విండోస్ మొదలయ్యే ముందు యంత్రం తీసుకున్న సెకన్లు కనిపిస్తాయి. అది ఇరవై దాటితే ఆలస్యం విండోస్‌కి ముందే జరుగుతోందన్నమాట. పెన్‌డ్రైవ్ గుచ్చి వదిలేసినా, బూట్ వరుసలో, అంటే విండోస్ కోసం యంత్రం వెతికే క్రమంలో, నెట్‌వర్క్ మొదట ఉన్నా ఇలా అవుతుంది.

శిబిరానికి వచ్చిన వాటిలో ఎక్కువ నిమిషానికి 5400 చుట్లు తిరిగే హార్డ్ డిస్కులవే. వరుసగా చదివేటప్పుడు అవి సెకనుకు సుమారు 100 ఎంబీ ఇస్తాయి, వాటి స్థానంలో అదే సాటా కనెక్టర్‌కు పెట్టుకోగల ఎస్ఎస్‌డీ (చిప్పుల్లో సమాచారం దాచే డిస్క్) 500 దాకా ఇస్తుంది. కానీ అసలు తేడా అక్కడ లేదు. విండోస్ లేవడానికి వేల చిన్న ఫైళ్లు కావాలి. ఒక్కోదాని కోసం డిస్క్ ముల్లు కదిలి, చుట్టు తిరిగి వచ్చేదాకా ఆగాలి. ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. అందుకే ఫార్మాట్ కొట్టించుకున్న లాప్‌టాప్ కొన్ని నెలలకే మళ్లీ మొదటికొస్తుంది, డిస్క్ మార్చినది రాదు.

హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టే ముందు క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో పాత డిస్క్ ఆరోగ్యం చూడాలి. పసుపు రంగులో ‘కాషన్’ వస్తే క్లోనింగ్ (డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కొత్తదానికి ఎక్కించడం) జోలికి పోకూడదు, విండోస్‌లోని చెక్ డిస్క్ మరమ్మతు కూడా నడపకూడదు. చెడిన సెక్టార్ల దగ్గర క్లోనింగ్ మధ్యలో ఆగుతుంది, ఆ ఒత్తిడికి డిస్క్ పూర్తిగా పోవచ్చు. ముందు పత్రాలు, ఫొటోలు వేరే చోటికి ఎక్కించాలి. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసుకున్నాకే స్క్రూడ్రైవర్ పట్టాలి.

కొనాల్సింది 2.5 అంగుళాల సాటా రకం, మందం 7 మిల్లీమీటర్లు. లాప్‌టాప్‌లో డిస్క్ కూర్చునే అర 9.5 మిల్లీమీటర్లదైతే ప్లాస్టిక్ చట్రం పెట్టాలి, లేకపోతే కనెక్టర్ వదులై డిస్క్ ఒకరోజు కనిపిస్తుంది, ఒకరోజు కనిపించదు. లోపల బ్యాటరీ వైరు మొదట పీకాలి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. పొట్టి రంధ్రంలో పొడవుది బిగిస్తే కీబోర్డు వైపు ప్లాస్టిక్ ఉబ్బి పగులుతుంది. కాగితం మీద లాప్‌టాప్ అడుగుభాగం బొమ్మ గీసి, తీసిన స్క్రూను దాని చోటే గుచ్చి ఉంచడం మంచి పద్ధతి.

ర్యామ్ మార్చేవారు రకం సరిచూసుకోవాలి. 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ మాత్రమే తీసుకునే యంత్రంలో 1.5 వోల్టుల డీడీఆర్3 పెడితే తెర నల్లగానే ఉంటుంది. కొన్నింటిలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, వాటిని పెంచలేం.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. తెలుగు అర్జీలు ‘అను’ సాఫ్ట్‌వేర్ ఫాంట్లలో, ఒడియావి ‘ఆకృతి’ సాఫ్ట్‌వేర్ ఫాంట్లలో టైపు చేసి ఉన్నవారు విండోస్ కొత్తగా వేయించుకుంటే పాత ఫైళ్లు పిచ్చి గీతలుగా కనిపిస్తాయి. ఆ సాఫ్ట్‌వేర్ల సీడీ, కీ ముందే వెతికి పెట్టుకోవాలి. విండోస్ ఇచ్చే గౌతమి (తెలుగు), కళింగ (ఒడియా) ఫాంట్లు కావాలంటే సెట్టింగ్స్‌లోని ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు, ఒడియా అదనపు ఫాంట్లు చేర్చుకోవాలి.

పైసా ఖర్చు లేని పనులూ ఉన్నాయి. టాస్క్ మేనేజర్ స్టార్టప్ జాబితాలో (విండోస్‌తో పాటే లేచే ప్రోగ్రామ్‌లవి) టచ్‌ప్యాడ్, సౌండ్, యాంటీవైరస్ ఉంచి మిగతావి ఆపేయవచ్చు. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయాలి. సీ డ్రైవ్‌లో 15 శాతమైనా ఖాళీ ఉంచాలి. ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా లేవడానికి విండోస్ తన స్థితిలో కొంత దాచిపెట్టుకునే ఏర్పాటు) ఉన్నంతకాలం షట్‌డౌన్ పూర్తిగా కడిగినట్టు కాదు, కాబట్టి వారానికోసారి రీస్టార్ట్ చేయాలి. ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ అమరికల పెట్టెలో ప్రాసెసర్ల సంఖ్య టిక్కు పెట్టడం, విండోస్ అమరికల జాబితాను శుభ్రం చేస్తామనే రిజిస్ట్రీ క్లీనర్లు దండగ.

విండోస్ 11కి టీపీఎం 2.0 (భద్రతా చిప్పు)తో పాటు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. ఎస్ఎస్‌డీ పెట్టినంత మాత్రాన ఆ అర్హత రాదు. పాత యంత్రాలవారు పొడిగింపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకున్నారు, అవి 2026 అక్టోబర్ వరకు వస్తాయి. ఆ తర్వాత బ్రౌజర్ మాత్రమే వాడేవారికి విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ సరిపోతుంది. ‘అను’, ‘ఆకృతి’ విండోస్ సాఫ్ట్‌వేర్లు కాబట్టి, వాటి మీద బతుకుతున్నవారికి ఆ సలహా ఇవ్వడం లేదు.

శ్రీకాకుళంలో కొన్నా బరంపురంలో కొన్నా సీరియల్ నంబర్ వేసిన జీఎస్టీ బిల్లు అడగండి, వారంటీకి అదే ఆధారం. మరీ చవకగా దొరికే ‘1 టీబీ’ డ్రైవ్‌లను చెప్పినంత చోటు నిజంగా ఉందో లేదో పరీక్షించే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ప్రోగ్రామ్‌తో నింపి చూసిన తర్వాతే పత్రాలు పెట్టండి. వచ్చే శిబిరానికి లాప్‌టాప్‌తో పాటు దాని సొంత ఛార్జర్, కాపీ పట్టేంత ఖాళీ డ్రైవ్ తెచ్చుకోవాలి. కాపీ లేనిదే యంత్రం విప్పకూడదని కార్యవర్గం తీర్మానించింది.