అమ్మలూ, ఒకసారి ఫోన్ చెయ్యి

పర్లాకిమిడి, ఆదివారం రాత్రి

అమ్మలూ,

ఇక్కడ అందరం బాగున్నాం. వానలు పట్టాయి. పై వాటా కారడం ఆగింది. మౌసి నిన్న కూడా వచ్చి నువ్వెప్పుడొస్తావని అడిగింది. నీ గొంతు విని తొమ్మిది రోజులైంది, "బిజీ నాన్నా" అని వాట్సాప్‌లో రెండు ముక్కలు పెడితే మీ అమ్మకి అన్నం సయించడం లేదు.

మొన్న పాతపట్నంలో రాజు మామ కొడుకు కనిపించాడు. మెయిల్ కంపెనీ పేరుతో వచ్చిన దొంగ మెయిల్‌లో నువ్వు పాస్‌వర్డ్ కొట్టేశావట. నిజమా కాదా అని నేను అడగను. నా సంగతి మాత్రం ఇప్పటిదాకా నీకు చెప్పలేదు, విను.

పోయిన దీపావళికి ముందు నాకో మెయిల్ వచ్చింది, మన ఇంటర్నెట్ బిల్లు కట్టలేదు, ఈ రాత్రికి కనెక్షన్ ఆపేస్తాం అని. గుర్తు, రంగు, కింద సంతకం అన్నీ కంపెనీవే. మర్నాడు నీతో వీడియో కాల్ ఉంది కదా, అదెక్కడ పోతుందోనని గాభరాపడి అందులోని లింకు నొక్కాను, కార్డు నంబరు కొట్టాను, ఓటీపీ కూడా కొట్టాను. బిల్లు 589 రూపాయలు. ఓటీపీ వచ్చిన మెసేజ్‌లో 18,400 అని స్పష్టంగా ఉంది, నేను ఓటీపీ అంకెలు చూసుకున్నాను గానీ ఆ మొత్తం ఎంతో చదవలేదు. మీ అమ్మకి చెప్పడానికి మొహం చెల్లక రెండు రోజులు దాచాను. చిన్నప్ప పట్టుబట్టి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించేసరికి డబ్బు ఏవేవో ఖాతాలు దాటిపోయింది. వెంటనే చేసి ఉంటే ఆపే వీలు ఉండేదన్నారు. డబ్బు కన్నా ఆ రెండు రోజులే నన్ను ఎక్కువ తినేశాయి తల్లీ.

ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో ఉత్తరాలు సార్ట్ చేసినవాణ్ణి, అడ్రస్‌లో కింది లైను చూడకుండా ఏ ఉత్తరమూ సంచిలో వెయ్యలేదు. మెయిల్‌కీ అంతే. పంపినవాడి పేరు ఎవడైనా పెట్టుకోవచ్చు, పేరు మీద నొక్కితే అసలు అడ్రస్ కనిపిస్తుంది. లింకులోనూ మొదట కంపెనీ పేరుంటే నమ్మకు, https:// తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకి (/) ముందు, చివర్న ఏముందో చూడు. మన దేశంలో బ్యాంకుల సైట్ల చివర్న ఇప్పుడు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ ఉండాలని రిజర్వ్ బ్యాంకు పెట్టింది, దానికి గడువు 2025 అక్టోబరు 31తో అయిపోయింది. మరీ తొందరపెట్టే మెయిలైతే అందులో ఏదీ ముట్టుకోకు, నువ్వే యాప్ తెరిచో సైటు పేరు కొట్టో బిల్లు చూసుకో. లెక్చర్ అనుకోకు.

ఒకవేళ పాస్‌వర్డ్ ఇచ్చేసి ఉంటే ఇప్పుడే మార్చు, అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడెక్కడ పెట్టావో అక్కడా మార్చు, ఫోన్‌కి కోడ్ వచ్చేలా రెండో తాళం పెట్టు. మెయిల్ సెట్టింగ్స్‌లో నీ మెయిళ్లు వేరేవాళ్లకి వెళ్లేలా ఫార్వర్డ్ పెట్టారేమో చూడు. మీ ఆఫీసులో కంప్యూటర్లు చూసేవాళ్లకి చెప్పు, తిడితే తిట్టనీ.

రాత్రిళ్లు బయటి తిండి తగ్గించు. బెల్లం ఆవకాయ సీసా గుడ్డతో కట్టి ఉంచాను, చిన్నప్ప బుధవారం వస్తోంది, స్టేషన్‌కి వెళ్లి తీసుకో. డబ్బు పోయి ఉంటే ఎంతైనా సరే, నాతో చెప్పు. మీ అమ్మకి నేను చెప్పుకుంటాను. రేపు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ పక్కనే కూర్చుని ఉంటాను.

నాన్న