బిడ్డను మధ్యలో నిలబెట్టి: 2024–25 వార్షిక నివేదిక

మన మందిరం సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

కిందటి సర్వసభ్య సమావేశం ముగిసే వేళకు వెనక వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి ఒక మాట అడిగారు. "ఇన్నేళ్లుగా దుప్పట్లు పంచుతున్నాం, నోటు పుస్తకాలు పంచుతున్నాం. తీసుకున్న పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారో మనలో ఎవరికైనా తెలుసా?" రిజిస్టరు తెరిచి చూశాం. దుప్పట్ల లెక్క ఒక్కటి కూడా తప్పకుండా ఉంది. పిల్లల పేర్ల పక్కన మాత్రం తల్లుల వేలిముద్రలు తప్ప మరేమీ లేవు. కార్యదర్శిగా ఆ సాయంత్రం ఆమెకు జవాబు చెప్పలేకపోయాను. ఈ నివేదిక ఆమె ప్రశ్నకు నేను బాకీపడిన జవాబు.

ఆ రాత్రి మత్తయి సువార్త 18వ అధ్యాయం మళ్లీ చదివాను. పరలోక రాజ్యంలో ఎవరు గొప్పవారని శిష్యులు అడిగారు. యేసు ప్రభువు వెంటనే జవాబు చెప్పలేదు. ఒక చిన్నబిడ్డను పిలిచి వాళ్ల మధ్యలో నిలబెట్టారు. ఇలాంటి బిడ్డను నా పేరట చేర్చుకున్నవాడు నన్ను చేర్చుకున్నట్టే అన్నారు. ఆ వెంటనే తిరుగటి రాయి మాట వస్తుంది. చిన్నవారికి కీడు చేసేవాడు మెడకు ఆ రాయి కట్టుకుని సముద్రంలో మునిగిపోవడం మేలని చెప్పినది కూడా ఆ నోరే. చేర్చుకునే మాట మన క్రిస్మస్ నాటికల్లో ఎన్నోసార్లు విన్నాం. రాయి మాట మీద మన మందిరంలో ప్రసంగం విన్నట్టు నాకు గుర్తు లేదు. అందుకే జూన్ నెల కమిటీ సమావేశంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ తీర్మానం చేసినా, అందులో బిడ్డ ఎక్కడ ఉన్నాడని ముందు అడగాలి.

మన పలాస–కాశీబుగ్గలో ఆ ప్రశ్న అడిగితే జవాబు చాలా ఇళ్లలో ఒకటే: జీడి పిక్కల దగ్గర. పిక్కలు కొట్టడం, పప్పు మీద పొట్టు తీయడం, గుండు, బద్ద విడివిడిగా ఏరడం ఎక్కువగా ఆడవాళ్ల పని. పెంకు నుంచి కారే నూనె చర్మాన్ని కాలుస్తుంది. మన అక్కచెల్లెళ్ల వేళ్లు చూస్తే వేరే చెప్పనక్కరలేదు. వేసవి సెలవుల్లో పిల్లలు కూడా అమ్మ పక్కన కూర్చుంటారు. 1986 నాటి బాలకార్మిక నిషేధ చట్టాన్ని 2016లో సవరించిన తర్వాత 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదు. సొంత కుటుంబం పనిలో సాయం చేయడానికి మాత్రం, అదీ ప్రమాదకరం కాని పనిలో, బడి వేళల తర్వాత లేదా సెలవుల్లో, మినహాయింపు ఉంది. ఈ సంగతి చెబుదామని ఇళ్లకు వెళ్లాం. ఒక తల్లి మమ్మల్ని కూర్చోబెట్టి నీళ్లిచ్చి, "మరి నేను వచ్చేదాకా పిల్లను ఎక్కడ వదలమంటారు?" అని అడిగింది. చట్టం తెలియక కాదు ఆమె పిల్లను తెచ్చుకుంటున్నది. ఎదిగే ఆడపిల్లను తలుపు సరిగా పడని ఇంట్లో ఒంటరిగా వదల్లేక తెచ్చుకుంటున్నది.

మందిరం హాలులో సాయంత్రం తరగతి ఆ ప్రశ్నలోంచి పుట్టింది. చదువు చెప్పడం దాని రెండో పని. అమ్మ పని నుంచి వచ్చేవరకు పిల్లలకు దీపం, మంచినీళ్లు, తెలిసిన ముఖం ఉండే చోటు కావడం మొదటి పని. ఇది మనం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ సండే స్కూలు పెట్టింది, వారంలో ఆరు రోజులు పనిచేసి ఆదివారం ఒక్కటే ఖాళీ దొరికే పేద పిల్లల కోసం. అక్కడ వాళ్లు అక్షరాలు నేర్చుకున్నారు. మన సండే స్కూలు క్రమంగా మన పిల్లలకే, ఉతికిన బట్టల పిల్లలకే అయిపోయింది. సాయంత్రం తరగతితో అది మళ్లీ తన మూలానికి వెళ్లిందని నా నమ్మకం.

ఇక తీరం వైపు ఊళ్ల సంగతి. మన జిల్లా మత్స్యకారులు ఆగస్టులో గుజరాత్‌లోని వేరావల్ బయలుదేరితే మళ్లీ ఎండాకాలానికి గానీ ఇంటికి రారు. ఆ నెలలన్నీ పిల్లలు నాయనమ్మల దగ్గరే. నాయనమ్మకు చూపు ఆనదు, పిల్లవాడు బడి మానేసి వలల దగ్గరకు వెళ్లినా తెలియదు. ఈ ఏడాది స్త్రీల సమాజం వాళ్లు వారానికి ఒకసారి ఆ ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టారు. బడికి వెళ్తున్నాడా, జ్వరమేమైనా వచ్చిందా, రాత్రిళ్లు ఎవరెవరు వస్తున్నారు అని అడిగి రావడమే. దీనికి ఖర్చు లేదు, ఫొటో లేదు. సంవత్సరమంతటిలో మనం చేసిన అతి మంచి పని ఇదేనని నేను అనుకుంటున్నాను.

డబ్బు సాయం విషయంలో మనకు ఈ ఏడాది ఒక ముఖ్యమైన సంగతి తెలిసింది. కేంద్ర ప్రభుత్వ మిషన్ వాత్సల్య పథకం కింద, తండ్రి లేని పిల్లలు, బంధువుల దగ్గర పెరుగుతున్న అనాథలు, ప్రాణాంతక వ్యాధితో ఉన్న తల్లిదండ్రుల పిల్లలు ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. కుటుంబ ఆదాయం గ్రామాల్లో ఏడాదికి 72,000 రూపాయలు, మిగతా చోట్ల 96,000 రూపాయలు దాటకూడదు. ఇది చదివినప్పుడు నాకు ఉద్దానం ఇళ్లు కళ్ల ముందు కదిలాయి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బుతో మంచం పట్టిన తండ్రులు, డయాలసిస్‌కు వాళ్లను తిప్పుతూ కూలి పోగొట్టుకునే తల్లులు, పదో తరగతి మధ్యలో ఆగిపోయిన పిల్లలు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమయ్యాక వైద్యం కోసం తిరిగే దూరం తగ్గింది. పిల్లల చదువు మాత్రం ఎవరి లెక్కలోనూ లేకుండా పోయింది.

పథకం ఉండటం వేరు, అది ఇంటికి చేరడం వేరు. ఆదాయ ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం లేదా వైద్య కాగితాలు, ఆధార్, బ్యాంకు ఖాతా, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ కావాలి. అన్నీ పట్టుకుని శ్రీకాకుళంలోని జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లాలి. ఒక కాగితంలో ఇంటి పేరు ఒక అక్షరం తేడా ఉంటే మళ్లీ మొదటికొస్తుంది. ఒక్కో ప్రయాణానికి ఒక రోజు కూలి పోతుంది. మన యువకులు 11 కుటుంబాలకు తోడుగా నిలిచి కాగితాలు సిద్ధం చేశారు. వాటిలో 4 మంజూరయ్యాయి, మిగతావి ఇంకా పరిశీలనలో ఉన్నాయి. బియ్యం బస్తా ఇస్తే ఆ పూటే కృతజ్ఞత వింటాం. ఈ పనిలో నెలల తరబడి ఎవరూ ఏమీ అనరు. మన యువకులు విసుగు చూపకుండా తిరిగారు. వాళ్ల పేర్లు రాయవద్దని వాళ్లే అడిగారు.

పెళ్లిళ్ల విషయం. మన మందిరాల్లో పెళ్లికి ముందు వరుసగా ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఈ ఏడాది నుంచి, వధూవరుల వయసు ధ్రువపత్రం చూడనిదే ప్రకటన చదవకూడదని మన పాస్టరు గారు నిర్ణయించారు. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. అలాంటి పెళ్లి జరిపించినవారికి కూడా రెండేళ్ల వరకు కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఒక కుటుంబం అలిగి మందిరం మానేసింది. వాళ్ల ఇంటికి నేను మూడుసార్లు వెళ్లాను. "కట్నం పెరగకముందే చేసేద్దామనుకున్నాం" అన్నాడు తండ్రి. అతనిలో దుర్మార్గం లేదు, భయం ఉంది. ఆ పాప ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుతోంది. పక్క జిల్లా విజయనగరంలో కూర్చుని, పసిపిల్లలను వెలకట్టి పెళ్లి చేసే ఆచారం మీద గురజాడ అప్పారావు గారు కలం పట్టి వందేళ్లు దాటింది. వెల ఇప్పుడు అటు నుంచి ఇటు మారింది, బలయ్యేది మాత్రం ఆ పసిదే.

ఇప్పుడు రాయడానికి కష్టమైన విషయం. సెప్టెంబరులో ఒక బిడ్డ తనకు జరిగిన అన్యాయాన్ని తరగతి చెప్పే అక్కకు చెప్పుకుంది. చేసినవాడు మనకు తెలిసిన పెద్దమనిషి. ఆ బిడ్డ వివరాలు ఇక్కడ రాయను. చట్టం ఒప్పుకోదు, రాయడానికి నాకు మనసూ ఒప్పదు. రాయవలసింది మన గురించి. పెద్దల్లో కొందరు "ముందు మనలో మనం మాట్లాడుకుందాం, మందిరం పేరు పోతుంది" అన్నారు. ఒక రాత్రంతా ఆ చర్చలోనే గడిచింది. ఆ రాత్రి నేను కూడా వెంటనే లేచి ఫోను తీయలేదు. దానికి సభ్యుల ముందు, ఆ తల్లి ముందు క్షమాపణ అడిగాను, మళ్లీ అడుగుతున్నాను. తెల్లవారాక ఆ టీచరమ్మే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేసింది. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు తెలిసినట్టు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే అది కూడా నేరమే. రాజీ కుదర్చడానికి ఏ పెద్దకూ అధికారం లేదు. క్షమాపణ గురించి మనం చాలా బోధిస్తాం. అయితే బిడ్డ తరఫున క్షమించే హక్కు మనకెవరిచ్చారు?

తర్వాత కమిటీ కొన్ని నియమాలు రాసుకుంది. ఏ పెద్దవారూ ఒక బిడ్డతో తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. తరగతిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి. 1098 నంబరు హాలు గోడ మీద పిల్లలకు అందే ఎత్తులో రాయాలి. చాలాకాలంగా సేవ చేస్తున్న ఇద్దరు ముగ్గురు "మమ్మల్ని అనుమానిస్తున్నారా" అని నొచ్చుకున్నారు. వాళ్ల బాధ నాకు అర్థమైంది. నియమం మాత్రం అందరికీ ఒకటే, పాస్టరు గారికీ, నాకూ.

మిగతావి క్లుప్తంగా. చలికాలంలో దుప్పట్లు పంచాం. మే నెలలో సెలవుల బైబిలు తరగతులు జరిగాయి. వంట చేసే ముందు ప్రతి ఇంట్లో పిడికెడు బియ్యం పక్కన తీసే పద్ధతి కొనసాగుతోంది. పొలం ఉన్న సభ్యులు ఇద్దరు, కోతలప్పుడు గట్ల అంచున కొంత చేను కోయకుండా వదిలి పరిగె ఏరుకునేవారికి ఇచ్చారు. పొలం అంచులు పూర్తిగా కోయవద్దని, రాలిన పరిగె బీదలకు, పరదేశులకు విడిచిపెట్టమని లేవీయకాండం 19వ అధ్యాయం చెబుతుంది. రూతు బతికింది ఆ పరిగెతోనే. యంత్రంతో కోసే ఈ రోజుల్లో ఆ పని చేయడానికి కావాలని పూనుకోవాలి. వాళ్లు పూనుకున్నారు.

ఒక సభ్యుడు, సాయం పొందేవారిలో విశ్వాసులు ఎంతమందని అడిగారు. లెక్క పెట్టలేదు, పెట్టబోము. మంచి సమరయుడు దారిలో పడి ఉన్నవాడిని ఏ ఊరివాడివని అడగలేదు. బియ్యంతో పాటు కరపత్రం ఇవ్వకూడదని, సాయం తీసుకునే పిల్లల ఫొటోలు ఎక్కడా పెట్టకూడదని కమిటీ తీర్మానించింది. మా అమ్మమ్మకు అక్షరాలు వచ్చింది మిషన్ బడిలో. సోంపేట కంటి ఆసుపత్రిలో మిషనరీ డాక్టర్ బెన్ గల్లిసన్ చికిత్స చేసిన కళ్లు అన్ని కులాలవీ, అన్ని మతాలవీ. ఆ బాకీ తీర్చే వంతు మనకు వచ్చింది.

అనాథాశ్రమం కడితే డబ్బిస్తానని ఒక దాత ముందుకు వచ్చారు. ఆయన మనసు మంచిది, కృతజ్ఞతలు తెలిపాం, వద్దన్నాం. బాలల న్యాయ చట్టం 2015 ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా అలాంటివి నడపకూడదన్నది ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, మనకు తెలిసిన పిల్లల్లో దాదాపు అందరికీ అమ్మో, నాయనమ్మో ఉన్నారు. వాళ్లకు లేనిది ఆదాయం. అందుకని బిడ్డను ఇంటి నుంచి తీయడం ఎందుకు? ఆ డబ్బుతో సాయంత్రం తరగతికి పాలు, అరటిపండు ఇవ్వగలరా అని అడిగాం. ఆలోచించి చెబుతానన్నారు.

జమాఖర్చుల పట్టిక, ఆడిటరు సంతకంతో, ఈ నివేదికకు జతచేశాం. ప్రశ్నలుంటే కోశాధికారిని అడగండి.

పరిశీలనలో ఉన్న 7 దరఖాస్తుల్లో రెండింటికి ఆదాయ ధ్రువపత్రాలు మళ్లీ తీయాలి. ఒక నాయనమ్మ నడవలేదు, ఆమెను బండి మీద ఎమ్మార్వో ఆఫీసుకు తీసుకువెళ్లేవారు కావాలి. వచ్చే సోమవారం ఉదయం ఖాళీ ఉన్నవారు ఈ సమావేశం అయ్యాక నాకు పేరు ఇవ్వండి.

– కార్యదర్శి