పాత ఫైర్ సిమెంట్ తీయకుండానే బిల్లు వసూలు చేయడంపై ఫిర్యాదు

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: యార్క్‌షైర్‌లోని మా ఇంటి కట్టెల స్టవ్, పొగగొట్టం జాయింట్

అయ్యా,

చలికాలం రాకముందే, వేడిని తట్టుకునే ఫైర్ సిమెంట్‌తో మూసిన ఆ జాయింట్ బాగుచేయించుకుందామని మీకు పని అప్పగించాను. "పాత ఫైర్ సిమెంట్ పూర్తిగా తీసి కొత్తగా సీల్ చేయడం" అని బిల్లులో మీరే రాసి, మొత్తం డబ్బు తీసుకున్నారు.

స్టవ్ వాడటం మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఆ కొత్త సిమెంట్ పెచ్చులుగా ఊడి పడింది. కింద మసిపట్టిన పాత పొర అలాగే ఉంది. గోడ గోకకుండా సున్నం కొట్టినట్టు పని కానిచ్చేశారు. మసి మీద కొత్త సిమెంట్ పట్టదని మీ టెక్నీషియన్‌కు తెలియదనుకోను.

ఫోన్ చేస్తే "వేడికి పగుళ్లు మామూలే" అన్నారు. వేడికి పోత ఇనుము సాగుతుంది, గట్టిపడ్డ సిమెంట్ సాగదు. అందుకే కదా ముందు సందులో గ్లాస్ ఫైబర్ తాడు కూరి, పైన పలుచగా సిమెంట్ పూసేది! మా జాయింట్‌లో తాడు పోగు కూడా లేదు. గొట్టం పొగను బాగా పైకి లాగుతున్నప్పుడు ఈ పగుళ్లలోంచి గాలి లోపలికే పోతుంది. మంట అప్పుడే వెలిగించినప్పుడో, లాగుడు తగ్గినప్పుడో అవే పగుళ్లు పొగను గదిలోకి వదులుతాయి. ఒక రాత్రి కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. ఆ విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. అలారం లేకపోతే మాకు తెలిసేదే కాదు. ఆ టెన్షన్ మీ బిల్లులో ఎక్కడా కనిపించదు.

తర్వాత మీరు పంపిన అబ్బాయి మాస్క్ కూడా లేకుండా పెద్ద సుత్తి, ఉలి తీశాడు. నేనే ఆపాను. గొట్టం కూర్చునే కాలర్ (స్టవ్ మీది కడియం) పోత ఇనుముది, గట్టి దెబ్బకు పగులుతుంది. సన్నటి ఉలితో చిన్న చిన్న ముక్కలుగా రాల్చి, వైర్ బ్రష్‌తో శుభ్రం చేయాల్సిన పని అది. పైగా ఈ స్టవ్ బాగా పాతది. పీల్చితే ఊపిరితిత్తులకు ప్రమాదమైన ఆస్‌బెస్టాస్‌ను బ్రిటన్‌లో పూర్తిగా నిషేధించింది 1999లో. అంతకుముందు వేసిన సీల్‌లో అది ఉండే అవకాశం ఉంది కాబట్టి పరీక్ష చేయించకుండా గోకనివ్వను.

ముందు పరీక్ష చేయించండి. తర్వాత అనుభవమున్న మనిషిని పంపి, గొట్టం ఊడదీసి, పాత సిమెంట్ మొత్తం తీయించి, తాడు వేసి సీల్ చేయించండి. నా ఎదురుగా పొగ పరీక్ష (ఎక్కడైనా పొగ కారుతోందా అని చూసేది) చేసి, ఫలితం రాసివ్వండి. ఇదంతా అదనపు ఛార్జీ లేకుండా జరగాలి. కాలర్ పగిలితే మార్చే ఖర్చు మీదేనని ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కుదరదంటే నా డబ్బు వాపసు ఇవ్వండి, వేరేవాళ్లతో చేయించుకుంటాను.

ఊడిన పెచ్చుల ఫొటోలు, బిల్లు నకలు జతచేశాను.

ఇట్లు,
మీ కస్టమర్